పాత లారీ ఇంజన్‌లో లొడలొడ చప్పుడు: సంపు దించే ముందు చూడాల్సినవి

ఇంజన్‌లో చప్పుడు అనగానే షెడ్డులో మొదట వినిపించే తీర్పు ఒకటే: "బిగ్ ఎండ్ పోయింది, సంపు దించాలి." సంపు అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి; బిగ్ ఎండ్ అంటే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్ కింది చివర, బేరింగ్ ఉండే చోటు. దించి చూస్తే బేరింగులు శుభ్రంగా ఉంటాయి. ఎలాగూ విప్పాం కదా అని కొత్తవి వేస్తారు. స్టార్ట్ చేస్తే మళ్లీ అదే చప్పుడు. పక్కింట్లో గొడవ జరుగుతుంటే మన ఇంటి తలుపు విరగ్గొట్టుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

నేను చెప్పేది ఎయిర్ బ్రేకులు, ఇన్‌లైన్ ఫ్యూయల్ పంపు ఉన్న పాత ఆరు సిలిండర్ల లారీల గురించి. కామన్ రెయిల్ బండ్లకు (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ఎక్కువ ఒత్తిడి పైపు నుంచి డీజిల్ అందే రకం) కింద చెప్పిన ఇంజెక్టర్ పరీక్ష చేయకూడదు. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, నట్టు వదులు చేస్తే ప్రాణానికే ముప్పు.

ముందు ఆయిల్

డిప్‌స్టిక్ తీయకుండా రాకర్ కవర్ (ఇంజన్ పైమూత) విప్పేవారిని ఏమనాలో నాకు తెలియదు. ఆయిల్ కింది గీత దగ్గరే ఉందా? వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా జారుతోందా? డీజిల్ వాసన వస్తోందా? వస్తే ఫ్యూయల్ పంపు వైపు లీకు సరిచేసి, ఆయిల్, ఫిల్టర్ మార్చి, అప్పుడు వినండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతూ, రేజ్ చేస్తే అడుగు నుంచి బరువైన దెబ్బ వినిపిస్తే మాత్రం ఇంజన్ ఆపేయండి. అది నిజంగానే బేరింగ్. పాత డయల్‌ను నమ్మలేకపోతే వేరే గేజి బిగించి చూసుకోండి.

పైనుంచి టిక్ టిక్

ట్యాపెట్ గ్యాపు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు) పెరిగింది. వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు క్రాంకులో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి ఈ చప్పుడు తేలిగ్గా, నెమ్మదిగా ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫీలర్ గేజితో (సందు కొలిచే పలచటి రేకులు) మీ ఇంజన్ పుస్తకంలో ఉన్న గ్యాపు పెట్టండి. సెట్ చేసినా ఒకటే వాల్వ్ మోగుతుంటే పుష్ రాడ్ వంగిందేమో తీసి అద్దం మీద దొర్లించండి. ఇలాంటి టిక్కే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ లీకైనా వస్తుంది. ఫ్లాంజి పక్కన నల్లటి మసి ఉంటే అదే.

క్లచ్ తొక్కితే మారేది

తొక్కగానే పోయినా, తొక్కగానే వచ్చినా ఇంజన్‌ను వదిలేసి గేర్‌బాక్సు, రిలీజ్ బేరింగ్ వైపు చూడండి.

ఒక సిలిండర్‌లో ఠంగు ఠంగు

ఐడిలింగ్‌లో ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేస్తూ వినండి. ఒక సిలిండర్ దగ్గర చప్పుడు తగ్గితే బేరింగ్ అనేస్తారు. తొందరపడకండి, నాజిల్ (ఇంజెక్టర్‌లో డీజిల్ చిమ్మే మొన) చెడినా అలాగే తగ్గుతుంది. ఆ ఇంజెక్టర్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. చప్పుడు దానితో పాటు వెళ్తే నాజిల్, అక్కడే ఉంటే లోపలి పని.

ఎయిర్ కంప్రెసర్

అందరినీ బోల్తా కొట్టించేది బ్రేకులకు గాలి నింపే ఈ కంప్రెసరే. కంప్రెసర్ అంటే చిన్న ఇంజనే: దానికీ క్రాంకు, కనెక్టింగ్ రాడ్, బిగ్ ఎండ్ అన్నీ ఉంటాయి. దాని బేరింగ్ అరిగితే వచ్చే దెబ్బ అచ్చం ఇంజన్ బేరింగ్ దెబ్బే. ఇంజన్‌కే బిగించి ఉండటంతో చప్పుడు ఇనుమంతా పాకుతుంది. స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి బ్లాకు మీద ఎక్కడ పెట్టినా వినిపిస్తుంది. రేజ్ చేస్తే పెరుగుతుంది కూడా.

డ్రైవర్ చెప్పే లక్షణం ఇంకా తికమక పెడుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే చప్పుడు, కాసేపటికి పోతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ కొడుతోందనుకుంటారు. ఊళ్లో ట్రాఫిక్‌లో వస్తుంది, హైవే ఎక్కితే ఉండదు. లోడు మీద వస్తోందనుకుంటారు. అసలు సంగతి బ్రేకుల ట్యాంకులో గాలి. రాత్రి ఖాళీ అయిన ట్యాంకు నిండేదాకా కంప్రెసర్ కష్టపడుతుంది. నిండగానే అన్‌లోడర్ వాల్వ్ 'పుస్' మని గాలి వదిలి దాన్ని తేలిక చేస్తుంది. ట్రాఫిక్‌లో బ్రేకు మీద బ్రేకు వేస్తుంటే మళ్లీ పని మొదలు. షెడ్డుకు చేరేసరికి ట్యాంకు నిండి ఉంటుంది, చప్పుడు ఉండదు!

పరీక్షకు పైసా ఖర్చు లేదు. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి. ఐడిలింగ్‌లో ట్యాంకు నింపి, ఆ 'పుస్' వినండి. తర్వాత గాలి గేజి ముల్లు దిగేదాకా బ్రేకు పెడల్ కొడుతూ ఉండండి. కంప్రెసర్ మళ్లీ అందుకోగానే చప్పుడు తిరిగి వచ్చి, నిండగానే తగ్గితే ఇక సంపు జోలికి వెళ్లక్కర్లేదు. రెండు మూడుసార్లు తిప్పి చూసి ఖాయం చేసుకోండి. ఇంకా అనుమానముంటే ఇంజన్ ఆపి, చల్లారాక కంప్రెసర్ నుంచి వెళ్లే గాలి పైపు విప్పి స్టార్ట్ చేయండి. అడ్డు లేకపోతే దెబ్బ మెత్తబడుతుంది. పైపు విప్పిన బండిని కదిలించవద్దు, బ్రేకులు ఉండవు.

ముల్లు ఎంతసేపటికీ పైకి చేరక, 'పుస్' మనకపోతే ఎక్కడో గాలి లీకుంది, లేదా అన్‌లోడర్ పట్టేసింది. అది ముందు సరిచేయండి. లేకపోతే కొత్త కంప్రెసర్ కూడా విశ్రాంతి లేకుండా తిరిగి అలాగే అరుగుతుంది.

విప్పేముందు మౌంటింగ్ బోల్టులు, డ్రైవ్ గేర్ నట్టు బిగువు చూడండి. ఒక్కోసారి పని అక్కడే అయిపోతుంది. కొన్ని ఇంజన్లలో ఫ్యూయల్ పంపు కంప్రెసర్ వెనక కప్లింగ్ మీద తిరుగుతుంది. ఆ రకమైతే టైమింగ్ గుర్తులు పెట్టుకోకుండా ఒక్క బోల్టూ వదులు చేయవద్దు. కంప్రెసర్ విప్పాక దాని క్రాంకు జర్నల్ (బేరింగ్ కూర్చునే నున్నటి భాగం) మీద గోరు ఆనించి లాగండి. గీతలు తగిలినా, కోలగా అరిగినా రిపేరు కిట్టు దండగే, రీకండిషన్ చేసిన యూనిట్ వేయండి. అంతకన్నా ముఖ్యం, అది ఎందుకు పోయిందో చూడటం. ఇంజన్ నుంచి దానికి ఆయిల్ తెచ్చే సన్నటి పైపు మడ్డితో మూసుకుపోయి ఉంటుంది. గాస్కెట్‌కు పూసిన పేస్టు ఆయిల్ రంధ్రంలోకి పొంగి అడ్డుపడటం కూడా మామూలే. పైపు ఊది, రంధ్రాలు కలిశాయో లేదో చూసి, ఇంజన్ తిప్పితే ఆయిల్ కారుతోందని కంటితో చూశాకే కలపండి. గాలి పైపులో పేరుకున్న మసి కూడా గీకి తీయండి.

మిగతావి

టైమింగ్ గేర్లు అరగడం, ఫ్లైవీల్ బోల్టులు వదులవడం, క్రాంకు ముందున్న డాంపర్ (అదురు తగ్గించే చక్రం) రబ్బరు ఊడటం, ఇవన్నీ ఉంటాయి కానీ అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి దాకా వెళ్లండి. సైలెన్సర్ క్లాంపు, ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు మాత్రం ఇంజన్ ఆపి, చల్లారాక చేత్తో కదిపి చూస్తే చాలు, నిమిషం పని.