బూజు పట్టిన ఎల్పీ రికార్డులు: నేను శుభ్రం చేసిన తీరు

మా నాన్నగారి గ్రామఫోన్ రికార్డులు చాలాకాలం చెక్క బీరువాలోనే ఉండిపోవడంతో, విశాఖ తేమకు వాటిపై తెల్లని బూజు చుక్కలు ఏర్పడి, పాట వెంట చిటపటలు వినిపించసాగాయి. ముందుగా 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు) రికార్డులను వేరు చేశాను. వాటిలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి కనుక ఆల్కహాల్ తగిలితే కరిగి పాడవుతాయి. వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన రికార్డులను మాత్రం ఆరుబయట మెత్తని బ్రష్‌తో దులిపి, నాలుగు పాళ్ల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ కలిపి, మధ్యనున్న కాగితపు లేబుల్ తడవకుండా మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడిచాను. తరువాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడవడం తప్పనిసరి, లేకపోతే సబ్బు గాడుల్లోనే ఎండిపోతుంది. కుళాయి నీళ్లు వాడితే వాటిలోని లవణాలు కూడా అలాగే మిగిలిపోతాయి.

అసలు బూజు దాగేది లోపలి కాగితపు కవర్లలో. వాటిని పారేసి కొత్తవి తొడగకపోతే ఈ శ్రమంతా వృథా. ఇప్పుడు రికార్డులను ఎండ తగలని చోట, ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టాను. చిటపటలు చాలావరకు తగ్గాయి. మిగిలినవి గీతల వల్ల వచ్చేవి, అవి కడిగితే పోవు.