డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారి సేవ – నాలుగో పాఠం: స్నానం (అంతకంటే ముందు పోయినసారి బాకీ)

ఈసారి స్నానం గురించి అనుకున్నాం. కానీ మూడో పాఠం చదివి మీరు రాసి పంపినవి చూశాక, ముందు ఆ లెక్క తేల్చాలనిపించింది. వాళ్లు పొరబాటుగా ఏమన్నా "వాదించకండి, సరిదిద్దకండి" అని అందులో రాశాను. సగం మంది దాన్ని "ఏదో ఒకటి చెప్పి ఆ పూట గడిపేయండి" అని చదువుకున్నారు.

ఒకావిడ అత్తగారు పొద్దువాలితే చాలు, "మా ఇంటికి పోతా" అంటూ గుమ్మం దగ్గరికి వెళ్తారట. "రేపు పొద్దున్నే వెళ్దాం అత్తయ్యా" అందట కోడలు. తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తే అత్తగారు సంచి సర్దుకుని కూర్చున్నారు. ఇంకొకాయన, తండ్రి పోయి ఏళ్లు గడిచినా, "మీ నాన్న ఏడిరా" అని అమ్మ అడిగితే "ఆఫీసుకెళ్లాడమ్మా" అన్నారు. ఆయనొచ్చాక కలిసి తింటానని ఆవిడ రాత్రిదాకా అన్నం ముట్టలేదు.

రెండు చోట్లా జవాబులో ఎదురుచూడాల్సినది ఒకటి పెట్టారు. ఒకచోట రేపు, ఇంకోచోట ఆఫీసు నుంచి తిరిగొచ్చే మనిషి. మనం మాట్లాడాల్సింది ఆ ప్రశ్న వెనకున్న బెంగతో. "మా ఇల్లు" అంటే చాలాసార్లు పుట్టిల్లు, చిన్నప్పటి ఊరు. ఈ జబ్బులో, ముఖ్యంగా ఎక్కువమందికి వచ్చే అల్జీమర్స్ అనే రకంలో, కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి ఎక్కువకాలం నిలుస్తాయి. అందుకే తాము కట్టించుకున్న ఇంట్లోనే కూర్చుని ఇంటికి పోతామంటారు. ఒక్కోసారి బాత్రూముకి వెళ్లాలనో, ఆకలేస్తోందనో, చీకటి పడుతుంటే భయంగా ఉందనో చెప్పలేక కూడా ఆ మాటే అంటారు. నేనైతే ముందు ఇంట్లో లైట్లన్నీ వేస్తాను, తర్వాత బాత్రూముకి తీసుకెళ్తాను. మాటలు ఆ తర్వాతే. "మీ ఊళ్లో పెరట్లో జామచెట్టు ఉండేదటగా అత్తయ్యా, దాని సంగతి చెప్పండి" అంటే చాలు.

నాన్న సంగతికొస్తే: "నాన్న మీద బెంగగా ఉందమ్మా నీకు. నీ చేతి పప్పుచారంటే ప్రాణం ఆయనకి." ఇందులో ఉన్నాడనీ లేదు, పోయాడనీ లేదు. పోయాడని ప్రతిసారీ చెబితే ఆవిడకి ప్రతిసారీ అది కొత్త చావే. కానీ కళ్లలోకి చూసి "చచ్చిపోయాడు కదరా?" అని తనే అడిగితే మాత్రం దాటేయకండి. అవునని చెప్పి పక్కన కూర్చోండి.

ఇక నాకు నిజంగా చిరాకు తెప్పించేది ఒకటుంది. "నేనెవరో చెప్పు చూద్దాం!" పండక్కి వచ్చిన బాబాయి గడప దాటకముందే అడుగుతాడు. అమెరికా నుంచి వీడియో కాల్‌లో మనవరాలు అడుగుతుంది. పక్కింటావిడా అడుగుతుంది. ఇంట్లోవాళ్లు తక్కువేం కాదు: "పొద్దున ఏం తిన్నావు?", "ఇవాళ ఏ వారం?", "ఇప్పుడేగా చెప్పాను, గుర్తులేదా?" ఎందుకిలా అంటే, మెదడుకి పని పెడుతున్నామంటారు. డాక్టర్ నెల, తారీఖు అడుగుతారు కదా అంటారు. డాక్టర్ అడిగేది జబ్బు ఎంతవరకు వచ్చిందో కొలవడానికి. పూటపూటా థర్మామీటర్ పెడితే జ్వరం తగ్గుతుందా?

"ఆఁ, నువ్వా! బాగున్నావా? పిల్లలు బాగున్నారా?" అన్నారనుకోండి, గుర్తుపట్టేసిందని ఇల్లంతా సంబరం. చాలాసార్లు అది గుర్తుపట్టడం కాదు, పరువు కాపాడుకోవడం. ఆ మాటలు ఎవరితోనైనా అనొచ్చు. కాసేపటికి విసుక్కుని అటు తిరిగి పడుకుంటే "మూడ్ బాలేదు" అంటారు. పరీక్ష పెట్టింది ఎవరు మరి?

"ఎలాగూ మర్చిపోతుందిగా" అని మాత్రం అనకండి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు అల్జీమర్స్ ఉన్నవారికి ఏడిపించే, నవ్వించే సినిమా ముక్కలు చూపించారు. 2014లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఏం చూశారో కాసేపటికి చాలావరకు మర్చిపోయారు, కానీ ఆ దిగులు, ఆ సంతోషం ఇంకా ఉన్నాయి. మీ ప్రశ్న మరుపున పడుతుంది, చిన్నబోవడం మిగులుతుంది. అందుకని గదిలోకి వెళ్తూనే మీరే చెప్పండి: "అత్తయ్యా, నేను మీ పెద్ద కోడల్ని, కాఫీ తెచ్చాను." చుట్టాలకి గేటు దగ్గరే చెప్పండి: "బాబాయ్, నీ పేరు నువ్వే చెప్పి మొదలుపెట్టు." వాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

స్నానానికీ ఈ ప్రశ్నలే అడ్డం. "స్నానం చేస్తావా?" అంటే "పొద్దునే చేశాను" అంటారు. "నీళ్లు కాగాయి, రండి" అని చెయ్యందించండి. నాకు షవర్ ఇష్టం లేదు. నెత్తిన ఉన్నట్టుండి నీళ్లు పడితే చాలామంది బెదిరిపోతారు. బకెట్, మగ్గు, ఎత్తు సరిపోయే ప్లాస్టిక్ కుర్చీ చాలు. ముందు పాదాల మీద పోయండి, తర్వాత చేతులు, ఒళ్లు. తలస్నానం ఇంకో రోజు. భుజాల మీదుగా తువ్వాలు కప్పి ఉంచండి, తడిసినా పర్లేదు, సిగ్గు ఎక్కడికీ పోదు. ససేమిరా అంటే వదిలేసి కాసేపాగి మళ్లీ వెళ్లండి. రోజూ స్నానం తప్పనిసరి కాదు. చంకలు, గజ్జలు, మర్మావయవాలు తడిగుడ్డతో శుభ్రం చేస్తే ఆ రోజుకి చాలు.

నిన్నటిదాకా మాట విన్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే పూర్తిగా అయోమయంలో పడితే, లేదా మగతగా పడుకునే ఉంటే, జబ్బు ముదిరిందని ఊరుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఏదైనా కావచ్చు. ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.

అభ్యాసం: రేపు నిద్ర లేచినప్పటి నుంచి మధ్యాహ్నం భోజనం దాకా వాళ్లని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా గడపండి. "తిన్నావా", "లేచావా", "కాఫీ తాగుతావా" ఏవీ కుదరవు. రెండు చీరలు చేతుల్లో పట్టుకుని చూపించి "ఇదా, అదా" అనడం ఒక్కటే మినహాయింపు. నోరు జారిన ప్రతిసారీ ప్రశ్న ఏమిటో, తర్వాత వాళ్ల ముఖం ఎలా ఉందో కాగితం మీద రాయండి. కష్టమే. స్నానానికి వేరే అభ్యాసం లేదు, నీళ్లు ఎలాగూ రేపూ కాచాలి.

"నావల్ల కావట్లేదు, అరిచేస్తున్నాను" అని రాసినవాళ్లు 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వ టెలి మానస్ లైను, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అది పెద్దవాళ్ల పేరు చెప్పి కాదు, మీ టెన్షన్ గురించే చేయండి.

వచ్చే పాఠం రాత్రి నిద్ర. ఈలోగా ఇంట్లో మగత తెచ్చే జలుబు మాత్రలు, దగ్గు సిరప్‌లు ఏమున్నాయో పేర్లు రాసి పెట్టుకోండి. అలాంటి వాటిలో చాలా మందులు వీళ్లలో అయోమయాన్ని ఇంకా పెంచుతాయి. పాఠం వాటితోనే మొదలుపెడతాను.