గార్బుల్: జల్లెడలోంచి వచ్చిన మాట

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలకు నేను ఇంగ్లిష్ చెప్తాను. వాళ్ల వొకాబులరీ నోట్సులో 'గార్బుల్' పక్కన 'వక్రీకరించు' అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. 'డిస్టార్ట్' పక్కనా అదే. పరీక్ష హాల్లో రెండూ ఆప్షన్లలో కనిపిస్తే ఇక టెన్షనే. బట్టీ పట్టకండి, మాట పుట్టుక పట్టుకోండి.

బేగంబజార్‌లో మిరియాలు కొనేటప్పుడు రెండు రకాలు చూపించమనండి. జల్లెడ పట్టిన సరుకు అరచేతిలో పోసుకుంటే గింజలన్నీ నిండుగా ఉంటాయి. పట్టనిదాంట్లో తాలు గింజలు, కాడల ముక్కలు, దుమ్ము తగులుతాయి. మిరియాల వ్యాపారంలో మొదటిదాన్ని ఇప్పటికీ 'గార్బుల్డ్', రెండోదాన్ని 'అన్‌గార్బుల్డ్' అంటారు. మలబార్ గార్బుల్డ్ అనే గ్రేడే ఉంది. అరబ్బీలో 'ఘర్బల' అంటే జల్లెడ పట్టడం. సుగంధ ద్రవ్యాల వర్తకంతో పాటు అది ఇటలీ వాళ్ల నోట పడి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి చేరింది. లండన్‌లో ఒకప్పుడు దుకాణాల్లోకి వెళ్లి మసాలా దినుసులు తనిఖీ చేసి, చెత్త ఏరించడానికి 'గార్బ్లర్' అనే అధికారి కూడా ఉండేవాడు.

అంత మంచి పనికి చెడ్డ అర్థం ఎలా వచ్చిందంటే, మనుషులు మాటల్ని కూడా జల్లెడ పట్టారు, తమకు పనికొచ్చేవి మాత్రం ఉంచుకున్నారు. 'మొదటి రెండు అధ్యాయాలు బాగున్నాయి, మిగతాదంతా తప్పుల తడక' అని మీరు ఒక గైడ్ గురించి రాశారనుకోండి. అట్ట మీద 'బాగున్నాయి' అని మాత్రమే వేసుకుంటే అది గార్బుల్ చేయడం. అందులో ఒక్క అబద్ధం కూడా కలపలేదు, నాకు అందుకే ఇది మామూలు అబద్ధం కంటే ప్రమాదంగా అనిపిస్తుంది.

కాబట్టి వాక్యంలో వాడే ముందు ఏం జరిగిందో చూసుకోండి. లేనిది పుట్టిస్తే ఫ్యాబ్రికేట్. ఉన్నదాన్ని మెలితిప్పితే డిస్టార్ట్, దాని లాటిన్ మూలానికి అర్థం మెలిపెట్టడమే. కొంత ఏరుకుని కొంత వదిలేస్తే గార్బుల్. సిగ్నల్ లేక ఫోన్లో మాట ముక్కలుగా వినిపించినా గార్బుల్డ్ అనే అంటారు. ఈ రోజుల్లో ఎక్కువగా వినపడేది ఈ అర్థమే, ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కర్లేదు.

కాంప్రహెన్షన్‌లో కూడా ఇది పనికొస్తుంది. తప్పు ఆప్షన్‌లో తరచుగా ప్యాసేజీలోని మాటలే ఉంటాయి, 'కొందరు', 'బహుశా', 'మాత్రమే' లాంటివి మాయమై ఉంటాయి. టిక్ పెట్టే ముందు అసలు వాక్యానికి వెళ్లి, దాని ముందు వాక్యం, తర్వాతి వాక్యం కూడా చదవండి.