థాయ్ పల్లె బడిలో ఇంగ్లీషు టీచరుగా కుదురుకోవడం: విశాఖ నుంచి వెళ్లేవారికి

విశాఖపట్నం నుంచి థాయ్‌లాండ్ పల్లె బడికి ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లేవారికి అక్కడ చాలా విషయాలు తెలిసినట్టే అనిపిస్తాయి. వరి చేలు, చింతపండు, మిరప ఘాటు, రోడ్డుకు ఎడమ పక్కన నడిచే బండ్లు, గుడి చుట్టూ అల్లుకున్న ఊరి జీవితం, మన కార్తిక పౌర్ణమి వేళకే నీటిలో వదిలే లోయ్ క్రథోంగ్ దీపాలు చూసినవారు, ఇక్కడ కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదనుకుంటారు. నా దృష్టిలో అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. బొత్తిగా తెలియని చోట మనిషి ఆచితూచి అడుగు వేస్తాడు, తెలిసినట్టున్న చోట ఆ జాగ్రత్త ఉండదు.

ముందుగా కాగితాల సంగతి. ఉద్యోగమిచ్చే బడి పంపిన పత్రాలతో నాన్-ఇమిగ్రెంట్ బి వీసా తీసుకోవాలి, అక్కడ వర్క్ పర్మిట్ పొందాలి. పర్యాటకులుగా దిగి పాఠాలు చెప్పడం చట్టవిరుద్ధం. డిగ్రీ పట్టాకు ధ్రువీకరణ, పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా వచ్చే పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు, ఇంగ్లీషు మాతృభాష కానివారిని సాధారణంగా అడిగే టోయిక్ వంటి పరీక్ష స్కోరు సమకూరడానికి సమయం పడుతుంది కాబట్టి, మే నడుమ మొదలయ్యే తొలి సెమిస్టరుకు చేరాలంటే సంక్రాంతి దాటగానే పని మొదలుపెట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. విదేశీ ఉద్యోగాల పేరిట కంబోడియాకు చేర్చిన యువకులతో సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులే రట్టు చేశారు. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని చెప్పి సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీకి తరలించిన ఘటనలూ ఉన్నాయి. అందువల్ల ఏజెంటు మాట మీద కాక, బడివారితో నేరుగా వీడియోలో మాట్లాడి, బడి పేరు, ఊరు, జీతం స్పష్టంగా రాసిన ఒప్పందం చేతికి వచ్చాకే టికెట్టు కొనండి. పాస్‌పోర్టును ఏజెంటు దగ్గర ఉంచమని అడిగితే అక్కడితో ఆ సంగతి వదిలేయండి.

ఊరు చేరిన వెంటనే, మీరు దిగిన సంగతిని 24 గంటల్లోగా ఇమిగ్రేషన్‌కు తెలియజేయవలసిన బాధ్యత ఇంటి యజమానిది. దీన్ని టీఎం 30 అంటారు. పల్లెల్లో చాలామంది యజమానులకు ఈ పని అలవాటు ఉండదు కాబట్టి, బడి సిబ్బందిలో ఒకరి సాయంతో దగ్గరుండి చేయించుకుని రసీదు దాచుకోవాలి. ఆ తర్వాత ప్రతి 90 రోజులకూ మీ చిరునామాను మీరే నమోదు చేయించాలి. సంక్రాంతికి ఇంటికి రావాలనుకునేవారు మరొకటి గమనించాలి: అది అక్కడ రెండో సెమిస్టరు నడిచే కాలం, పైగా రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా దేశం దాటితే మీ బస అనుమతి రద్దవుతుంది.

ఇక పోలికలు తడబరిచే చోటు. చేతులు జోడించే 'వై' మన నమస్కారంలాగే కనిపిస్తుంది గాని, దానికి వరుస ఉంది. చిన్నవారు ముందు చేస్తారు, పెద్దవారు అందుకుంటారు. గేటు దగ్గర పిల్లలు వరుసగా వై చేస్తుంటే మీరు చిరునవ్వుతో తల ఊపితే చాలు. బడి డైరెక్టరుకు, ఊరి ముసలివారికి మాత్రం మీరే ముందు చేయాలి. సాటివారికైతే బొటనవేళ్లు గడ్డం దగ్గర, పెద్దలకు ముక్కు దగ్గర, బౌద్ధ భిక్షువులకు కనుబొమ్మల నడుమ ఆనాలి. స్త్రీలు భిక్షువులను తాకకూడదు, చేతికి నేరుగా ఏదీ అందించకూడదు. మనం ఆప్యాయంగా పిల్లల నెత్తిన చెయ్యి పెడతాం, అక్కడ తల పవిత్రం కాబట్టి ఆ అలవాటు మానుకోవడమే మేలు. కాలితో దేన్నీ చూపకూడదు, తోయకూడదు. అన్నిటికన్నా ముఖ్యం గొంతు. మన స్టాఫ్ రూములో గట్టిగా వాదించుకున్నవారు టీ వేళకు కలిసిపోతారు, అక్కడ నలుగురిలో తోటి టీచరు తప్పును ఎత్తిచూపితే ఆ గాయం చాలాకాలం మానదు. రాజకుటుంబం గురించి మాటలోగాని సోషల్ మీడియాలోగాని ఏ వ్యాఖ్యా చేయవద్దు. శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలుశిక్ష పడుతుంది.

తరగతిలో తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఆసక్తికరమైనది. మనం ఇంగ్లీషు మాట చివర అచ్చు చేర్చి బస్సు, కారు అంటాం. థాయ్ పిల్లలు చివరి హల్లును మింగేస్తారు లేదా మార్చేస్తారు, స్కూల్ 'సకూన్' అవుతుంది. లైక్, లైట్, లైఫ్ అనే మూడు మాటలూ వారి నోట దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఈ మూడింటినీ బోర్డు మీద అంకెలతో రాసి, మీరు ఒక మాట పలికితే వారు దాని అంకెను వేళ్లతో చూపే ఆట రోజూ ఐదు నిమిషాలు ఆడించండి. చెవికి తేడా తెలిశాకే నోటికి వస్తుంది. ఇది పనిచేయాలంటే ముందుగా మీ ఉచ్చారణలో చివరి అచ్చు పోవాలి. ఉదయం ఎనిమిదింటికి జెండా వందనానికి తప్పక హాజరు కావాలి. ఆటల పోటీలకో, జూన్‌లో జరిగే గురువందనం 'వై ఖ్రూ' రిహార్సల్‌కో చెప్పకుండానే పీరియడ్లు పోతుంటాయి. దానికి చిరాకు పడకుండా, ఎప్పుడైనా చెప్పగల చిన్న పాఠాలు కొన్ని సిద్ధంగా ఉంచుకోండి.

భోజనం శాకాహారులకే కష్టం. ఉత్త ఆకుకూర వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది కాబట్టి, 'కిన్ జే' (మాంసం, చేపలు తినను) అని ముందే చెప్పి, స్వయంపాకానికి సిద్ధపడి వెళ్లాలి. కందిపప్పు, ఇంగువ బ్యాంకాక్‌లోని ఫాహురత్ వీధుల్లో దొరుకుతాయి. థాయ్‌లాండ్ ఈశాన్య భాగమైన ఈశాన్ ప్రాంతంలో జిగురు అన్నాన్ని చేత్తోనే తింటారు, మామూలు అన్నాన్ని మాత్రం చెంచాతో తినాలి. మీ డబ్బా మీరు తెచ్చుకున్నా మధ్యాహ్నం తోటి టీచర్ల బల్ల దగ్గరే కూర్చోండి, ఎందుకంటే రేపు బడి ఉందో లేదో తెలిసేది అక్కడే.

ఈశాన్‌లోనూ ఉత్తరాదిలోనూ డిసెంబరు, జనవరి రాత్రులు విశాఖవారికి గట్టి చలే, స్వెట్టరు పెట్టుకోండి. బండి నడపాలంటే విశాఖ రవాణా కార్యాలయంలో ద్విచక్ర వాహనానికీ వర్తించే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. వీధికుక్క కరిచినా గీరినా ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లాలి. అత్యవసర వైద్యానికి 1669, పోలీసులకు 191. వీటితో పాటు ఊరిపెద్ద 'ఫూ యై బాన్' నంబరును మొదటి వారంలోనే ఫోనులో వేసుకోండి. మీ ఇంటికి దారి ఏ అంబులెన్సు డ్రైవరుకైనా థాయ్‌లో ఆయన చెప్పగలరు.