ఆక్సోలోటల్ సహజ రంగును గుర్తించడం ఎలా?

ఆక్సోలోటల్ అంటే మెక్సికోకు చెందిన, నీళ్లలోనే బతికే ఒక సాలమాండర్ (తోక ఉన్న ఉభయచరం). దాన్ని కొత్తగా పెంచుకునేవాళ్లకు మొదట వచ్చే సందేహం "ఇది ఏ రంగు రకం?" అని. ఒళ్లు మాత్రమే చూసి పేరు పెడితే తరచూ పొరబడతాం. తెల్లగా ఉన్న రెండింటిలో ఒకటి లూసిస్టిక్, ఇంకొకటి ఆల్బినో కావచ్చు. బాగా ముదురుగా ఉందని మెలనాయిడ్ అనుకున్నది వైల్డ్ టైప్ (అడవిలో ఉండే మామూలు రంగు) అయ్యుండొచ్చు. ఇవన్నీ రంగు రకాల పేర్లే, ఒక్కోటీ కింద వివరిస్తాను. దాని అసలు రంగేదో మనకు తెలిసి ఉంటే, ఒంట్లో బాగోలేక రంగు మారినప్పుడు వెంటనే పట్టుకోగలం. అందుకే ఈ పని మీద కాస్త ఓపిక పెట్టమంటాను.

1. ముందు వెలుతురు సంగతి చూడండి

ట్యాంకులో నీలం, గులాబీ లైట్లుంటే ఆపేయండి. మెత్తటి తెల్లని వెలుతురు చాలు. ఆక్సోలోటల్‌కు కనురెప్పలు ఉండవు కాబట్టి ఫ్లాష్ కొట్టకండి, టార్చి నేరుగా ముఖం మీద వేయకండి. రంగు చూడటానికని నీళ్లలోంచి బయటికి తీయొద్దు, అదే ట్యాంకు గాజు దగ్గరికి వచ్చేదాకా ఆగండి. చుట్టూ ఉన్న నేపథ్యాన్ని బట్టి ఇది కొంచెం ముదురుగానో లేతగానో మారగలదు. నల్లటి అడుగు ఉన్న ట్యాంకులో కొన్నాళ్లుంటే వైల్డ్ టైప్ ఇంకా నల్లగా కనిపిస్తుంది.

2. కళ్లు చూడండి

సగం సందేహం ఇక్కడే తీరుతుంది. కంటిపాప ఎర్రగానో గులాబీగానో ఉంటే అది చాలావరకు ఆల్బినో. నల్లరంగునిచ్చే మెలనిన్ తయారు కాకపోవడంతో కంటిలోని రక్తనాళాల ఎరుపు బయటికి కనిపిస్తుంది. ఒళ్లు తెల్లగా ఉండి కళ్లు నల్లగా ఉంటే లూసిస్టిక్. దీనిలో మెలనిన్ తయారవుతుంది. కాకపోతే పిండదశలో వెన్ను దగ్గర పుట్టే రంగు కణాలు చర్మమంతా పాకాల్సింది పాకలేకపోతాయి. కంటిలోపలి నల్లరంగు వేరే చోట తయారవుతుంది కనుక దానికి ఏ లోటూ రాదు.

ఒళ్లు ముదురుగా ఉంటే కంటిపాప చుట్టూ మెరిసే బంగారు వలయం ఉందా అని వెతకండి. ఉంటే వైల్డ్ టైప్. లేకపోతే మెలనాయిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ.

3. తళుకు కోసం వెతకండి

ఆక్సోలోటల్ రంగంతా మూడు రకాల కణాల పని. నలుపు, గోధుమ రంగులకు మెలనోఫోర్లు, పసుపుకు జాంథోఫోర్లు, మెరుపుకు ఇరిడోఫోర్లు. ఏది ఉంది, ఏది లేదు అన్నదాన్ని బట్టే పేరు.

వైల్డ్ టైప్‌లో మూడూ ఉంటాయి. ఆకుపచ్చ కలిసిన ముదురు గోధుమ ఒళ్లు, దానిమీద బంగారు చుక్కలు. మెక్సికో సిటీలోని సోచిమిల్కో కాలువల్లో మిగిలిన కొద్దిపాటి అడవి ఆక్సోలోటళ్ల రంగు ఇదే. చాలామంది దీన్ని సాదాసీదాగా ఉందంటారు కానీ, దగ్గరి నుంచి చూస్తే ఇంతకన్నా అందమైనది నాకు కనిపించదు. మెలనాయిడ్‌లో మెరుపు కణాలు ఉండవు, పసుపు కణాలు బాగా తక్కువ, నల్లవి ఎక్కువ. అందుకే ఎక్కడా తళుకు లేని ముదురు రంగు. గోల్డెన్ ఆల్బినోలో నలుపు పోయి పసుపు, మెరుపు మిగులుతాయి. అక్సాంథిక్‌లో పసుపు ఉండదు కాబట్టి బూడిదరంగు తేలుతుంది. లేత గోధుమ ఒళ్లు, ఎర్రఛాయ కళ్లు ఉంటే కాపర్ అని అనుకోవచ్చు. లూసిస్టిక్, ఆల్బినో రెండు లక్షణాలూ కలిసొస్తే వైట్ ఆల్బినో: తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు.

నీలి కాంతిలో ఆకుపచ్చగా వెలిగేవి ఈ లెక్కలోకి రావు. అది జెల్లీఫిష్ జన్యువును ప్రయోగశాలలో చేర్చడం వల్ల వచ్చిన గుణం, ఏ రంగు రకంలోనైనా ఉండొచ్చు.

4. పిల్లలైతే తొందరపడకండి

గోల్డెన్ ఆల్బినో పిల్లలు మొదట తెల్లగానే ఉండి, పెరిగే కొద్దీ పసుపెక్కుతాయి. లూసిస్టిక్ పిల్లలకు ముఖం మీద, వీపు మీద నల్ల మచ్చలు రావచ్చు. అది జబ్బు కాదు, టెన్షన్ పడకండి.

5. తల్లిదండ్రుల వివరం అడగండి

లూసిస్టిక్, ఆల్బినో, మెలనాయిడ్, అక్సాంథిక్ గుణాలు బయటపడాలంటే ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రావాలి. లూసిస్టిక్ జన్యువును దాచుకున్న రెండు వైల్డ్ టైప్‌లకు పుట్టే పిల్లల్లో సుమారు నాలుగో వంతు లూసిస్టిక్ అవుతాయి. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు చేరిన 34 ఆక్సోలోటళ్లలో ఒకటి తెల్లది, అంటే లూసిస్టిక్. ఆల్బినో గుణం మాత్రం 1962లో దగ్గరి బంధువైన టైగర్ సాలమాండర్‌తో చేసిన సంకరం ద్వారా వచ్చింది.

6. మార్పు సహజమైనదా, జబ్బా?

నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి. తిన్నాకో, ఈదాకో మొప్పలు ఎర్రబడితే అది రక్తప్రసరణ, పట్టించుకోనక్కర్లేదు. మొప్పలు పాలిపోయి కుంచించుకుపోతున్నా, లేత రంగు ఒంటిమీద ఎర్రటి మచ్చలు లేచినా, చర్మం పొరలుగా ఊడుతున్నా ఆరోజే నీళ్లు పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నీళ్లు 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే దానికి హాయి. 24 దాటితే ప్రమాదం. నీళ్లు సరిచేశాక కూడా రంగు తేరుకోకపోయినా, తిండి మానేసినా, ఉభయచరాలను చూసే పశువైద్యుడి దగ్గరికి ఆ ఫొటోలు పట్టుకుని వెళ్లండి.