వాల్టర్ పేటన్ సంతకమున్న కార్డు కొనే ముందు జాగ్రత్తలు

• మొదట తేదీలు చూడండి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో షికాగో బేర్స్ తరఫున 1975 నుంచి 1987 వరకు ఆడిన పేటన్ 1999 నవంబరు 1న కన్నుమూశారు. ఆ తర్వాత అచ్చయిన కార్డుపై (ఆటగాడి బొమ్మతో, అభిమానులు సేకరించేది) నేరుగా సంతకం ఉంటే నకిలీయే, ఎంత చవకైనా వద్దు. పాత సంతకాన్ని కత్తిరించి కొత్త కార్డులో పొదిగినవి వేరు.

• భూతద్దం దగ్గరుంచుకోండి. అచ్చు సంతకం సాధారణంగా చుక్కలుగా విడిపోతుంది. కలం గీత తెగకుండా సాగుతుంది, గీతలు దాటుకున్న చోట సిరా చిక్కబడుతుంది.

• కార్డులు అచ్చువేసే అమెరికా కంపెనీ టాప్స్ తెచ్చిన 1976 కార్డు ఆయన తొలి కార్డు. ఆటజీవితం మొత్తంలో బంతితో 16,726 గజాలు పరుగెత్తి, 2002 దాకా నిలిచిన రికార్డు నెలకొల్పిన ఆటగాడు కదా, నకళ్లు ఎక్కువ. కార్డునూ పరీక్షించండి.

• సంతకం అసలుదని చెప్పే ధ్రువపత్రం సంఖ్యను జారీచేసిన సంస్థ వెబ్‌సైటులో సరిచూశాకే డబ్బు చెల్లించండి.

• సంతకంపై వేలు, ఎండ తగలనివ్వకండి.