పొర పలుచనయ్యే కొద్దీ ఉష్ణవాహకత పడిపోతుంటే: నా అనుభవం

సిలికాన్ మీది సిలికాన్ డయాక్సైడ్ పొరలను త్రీ-ఒమేగా పద్ధతిలో (పొర మీది సన్నటి లోహపు తీగను ఏసీ కరెంటుతో వేడిచేసి, దాని వోల్టేజిని బట్టి వేడి ఎలా పారుతుందో లెక్కగట్టే పద్ధతి) కొలిస్తే, పొర పలుచనయ్యే కొద్దీ ఉష్ణవాహకత మామూలు గాజు విలువ (సుమారు 1.4 వాట్లు/మీటర్-కెల్విన్) కన్నా తగ్గుతూ వచ్చింది. యాంప్లిఫయర్, వోల్టేజి, తీగ వెడల్పు మార్చినా లాభం లేదు.

పనిచేసింది ఇది. ఒకే పద్ధతిలో పెంచిన 50, 100, 200, 400 నానోమీటర్ల పొరలు తీసుకున్నాను. ముందుగా ఎలిప్సోమెట్రీతో (పొర మీద పడి తిరిగొచ్చే కాంతిని బట్టి మందం కొలిచే పద్ధతి) మందాలు సరిచూశాను. ఈ అడుగు దయచేసి వదలకండి. అన్నింటి మీదా ఒకే కొలతల లోహపు తీగ వేయించాను. తర్వాత వాహకతను కాకుండా, వైశాల్యంతో గుణించిన ఉష్ణనిరోధాన్ని మందానికి ఎదురుగా గీశాను. చక్కటి సరళరేఖ వచ్చింది! దాని వాలుకు విలోమమే పొర అసలు వాహకత. మందం సున్నా దగ్గర మిగిలేది సరిహద్దుల (పొర పక్క పదార్థాలను తాకే చోట్ల) నిరోధం. పలుచని పొరల్లో దాని వాటాయే ఎక్కువ, అందుకే వాహకత తగ్గినట్టు కనిపించింది.

స్ఫటిక సిలికాన్ పొరలకు ఇది సరిపోతుందని చెప్పలేను. అక్కడ ఫోనాన్లు (వేడిని మోసే స్ఫటిక కంపనాలు) వందల నానోమీటర్లు ప్రయాణిస్తాయి కనుక మందంతో పాటు వాలూ మారవచ్చు.